టెలికాలర్‌ను మాటల్లో పెట్టే బాట్: ఎలా పనిచేస్తుంది, ఎవరి టైమ్ తింటుంది

హన్మకొండ, కాజీపేట, వరంగల్ వైపు ఫోన్లకు వచ్చే అమ్మకం కాల్స్‌కు కూడా సీజన్లుంటాయి. ఎప్‌సెట్ ఫలితాలు రాగానే బీటెక్ సీట్ల వాళ్లు మొదలుపెడతారు. మార్చి దగ్గర పడితే ఇన్సూరెన్స్ వాళ్లు. 2025 ఫిబ్రవరి చివర్లో మామునూరు ఎయిర్‌పోర్టుకు కేంద్రం అనుమతి ఇచ్చాక దాని పేరు చెప్పి ప్లాట్లు అమ్మేవాళ్లు తోడయ్యారు. పర్సనల్ లోన్ వాళ్లకు మాత్రం సీజన్ లేదు. సరిగ్గా అన్నం ముందు కూర్చున్నప్పుడే చేస్తారు.

మనం కట్ చేస్తాం, బ్లాక్ చేస్తాం, కోపమొస్తే నాలుగు తిడతాం. ఈ మూడింటివల్లా అవతలివాళ్లకు పోయేదేమీ లేదు. కట్ చేసిన మరుక్షణం వాళ్ల డయలర్ ఇంకో నంబర్ కలుపుతుంది. బ్లాక్ చేస్తే రేపు వేరే నంబర్ నుంచి వస్తారు. అందుకే సాఫ్ట్‌వేర్ తెలిసిన కొందరు ఇంకో దారి పట్టారు. ఫోన్ పెట్టేయరు, తాము మాట్లాడరు, కాల్‌ను ఒక బాట్‌కు, అంటే తనంతట తానే మాట్లాడే కంప్యూటర్ ప్రోగ్రామ్‌కు, అప్పగిస్తారు. అది మనిషిలా ‘ఆఁ, చెప్పండి’ అంటూ అవతలివాళ్లను పది నిమిషాలు కూర్చోబెడుతుంది.

వినడానికి సరదాగా ఉంటుంది కానీ ఇందులో మూడు వేర్వేరు సంగతులు చిక్కుపడి ఉన్నాయి. బాట్ ఎలా మాట్లాడుతుంది, కాల్ దాని దాకా ఎలా చేరుతుంది, వృథా అయిన టైమ్ అసలు ఎవరిది. మొదటిది అందరూ అనుకున్నంత కష్టం కాదు. రెండోది మన దేశంలో అనుకున్నంత సులువు కాదు. మూడోదాన్ని ఎవరూ పెద్దగా పట్టించుకోరు. నాకు ముఖ్యమనిపించేది అదే.

అర్థం కాకుండానే మాట్లాడే ముసలాయన

ఈ బాట్లలో బాగా పేరున్నది లెన్నీ. చాట్‌జీపీటీకి చాలా ఏళ్ల ముందే వచ్చింది. ఆస్ట్రేలియా యాసలో, కాస్త చెవుడు ఉన్నట్టుండే ఒక ముసలాయన గొంతు. లోపల కృత్రిమ మేధ లాంటిదేమీ లేదు. రికార్డు చేసిన 16 మాటల ముక్కలు, అంతే. మొదటి కొన్ని పలకరింపులు వరుసగా వస్తాయి. ఆ తర్వాతవి ఒకదాని వెనక ఒకటి వచ్చి, అయిపోతే మళ్లీ మొదలవుతాయి. మధ్యలో ఒకచోట వెనక నుంచి బాతులు అరుస్తాయి, ముసలాయన వాటి సంగతి చూసి వచ్చి మళ్లీ మాట అందుకుంటాడు. అవతలివాళ్లు ఏ భాషలో ఏం మాట్లాడినా దానికి తెలియదు. తెలిసిందల్లా ఒకటే: వాళ్లు మాట ఆపారా, లేదా.

2017లో ఫ్రాన్స్‌లోని యూరెకామ్ సంస్థ పరిశోధకులు ఈ లెన్నీ కాల్స్ రికార్డింగులు ముందు పెట్టుకుని, ఇంత చిన్న పరికరం మనుషులను ఎలా నిలబెట్టగలుగుతోందని సీరియస్‌గానే పరిశీలించారు. కిటుకు ఆ ముక్కల రాతలో ఉంది. ఏ ముక్కా ప్రశ్నకు జవాబు చెప్పదు. మళ్లీ చెప్పమంటుంది, ఊ కొడుతుంది, సొంత గోడు మొదలుపెడుతుంది, లేదా ఏదో అడ్డం వచ్చిందని ఆగమంటుంది. ముందు ఎవరు ఏమన్నా ఈ నాలుగు రకాల మాటలు దాని తర్వాత అతుక్కుంటాయి. మిగిలిన పని టెలికాలరే చేస్తారు. ‘పెద్దాయన కదా, వినబడలేదేమో’ అని వాళ్లే ఒక కారణం ఊహించుకుని మళ్లీ మొదటి నుంచి చెబుతారు.

ఇదే పని మన దగ్గర చేయాలంటే లెన్నీ గొంతు అరువు తెచ్చుకోనక్కర్లేదు. ఓరుగల్లు అవ్వ ఒకరు చాలు.

‘హలో.’
‘ఎవలు బిడ్డా?’
‘జర గట్టిగ మాట్లాడు, ఇనవడ్తలేదు.’
‘ఆఁ... గట్లనా... ఆఁ.’
‘ముందు సంది మల్లోపారి చెప్పు బిడ్డా, నాకు సమజ్ కాలే.’
‘ఆగు ఆగు, పొయ్యి మీద చాయ్ పొంగుతున్నది... ఆఁ, ఇప్పుడు చెప్పు.’
‘మా మనుమనికి ఎర్క గియన్ని. ఆడు పరకాల పోయిండు, రాంగనే అడుగుత.’

ఇలాంటివి పదిహేను ఇరవై ఉంటే చాలు. రాసేటప్పుడు రెండు జాగ్రత్తలు. చేసేది అబ్బాయో అమ్మాయో ముందే తెలియదు కాబట్టి ‘కొడుకా’ అనకూడదు, ‘బిడ్డా’ ఇద్దరికీ సరిపోతుంది. రెండోది ఇంకా ముఖ్యం: ‘సరే’, ‘అవును’, ‘తీసుకుంట’ లాంటి మాట ఒక్కటి కూడా ఉండొద్దు. అవతల కాల్ రికార్డవుతుంటుంది. ఏ పాలసీకో ఒప్పుకున్నట్టు వినబడే మాట మన వైపు నుంచి పోతే తర్వాత అదొక టెన్షన్. అసలు పేరు, ఊరు, బ్యాంకు, పుట్టిన తేదీ లాంటివి ఏ ముక్కలోనూ ఉండవని వేరే చెప్పనక్కర్లేదు.

దీన్ని నడిపించేది ఆస్టరిస్క్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్. 1999లో మార్క్ స్పెన్సర్ అనే అమెరికన్ మొదలుపెట్టాడు. ఆఫీసుల్లో ఉండే టెలిఫోన్ ఎక్స్‌చేంజ్ పనిని మామూలు కంప్యూటర్ చేత చేయిస్తుంది. పాత ల్యాప్‌టాప్ మీదైనా, రాస్‌బెరీ పై అనే అరచేతి సైజు కంప్యూటర్ మీదైనా నడుస్తుంది. అందులో రాయాల్సిన స్క్రిప్ట్ చిన్నదే: కాల్ ఎత్తు, ఒక ముక్క వినిపించు, అవతలివాళ్లు మాట్లాడటం మొదలుపెట్టే దాకా ఆగు, వాళ్లు ఆపాక ఒకటి ఒకటిన్నర సెకను నిశ్శబ్దం ఉంటే తర్వాతి ముక్క వినిపించు.

చేయి తిరగాల్సింది ఆ సెకను దగ్గరే. నిశ్శబ్దం గడువు మరీ తక్కువ పెడితే వాళ్లు ఊపిరి తీసుకునేలోపే అవ్వ అందుకుంటుంది. మరీ ఎక్కువ పెడితే ‘హలో, హలో, లైన్‌లో ఉన్నారా’ అని కట్ చేస్తారు. పైగా కాల్ సెంటర్ వెనక పది మంది మాటల హోరు ఉంటుంది కాబట్టి పూర్తి నిశ్శబ్దం ఎప్పటికీ రాదు. ఎంత చప్పుడు దాకా నిశ్శబ్దంగానే లెక్కపెట్టాలో ఒక హద్దు పెట్టుకోవాలి. రికార్డు చేసిన ముక్కలను 8 కిలోహెర్ట్జ్ మోనోలోకి మార్చుకోవాలి, పాత టెలిఫోన్ లైన్ మోసేది అంతే. స్టూడియో గొంతు అసలు పనికిరాదు. వాకిట్లో కూర్చుని, ఫ్యాన్ చప్పుడుతో, దూరంగా కోడి కూస్తుండగా రికార్డు చేసిందే నమ్మకంగా ఉంటుంది.

మొదటి ముక్క ఒంటి ‘హలో’గానే ఎందుకు పెట్టాలో తెలియాలంటే అవతలి గదిలోకి చూడాలి. కాల్ సెంటర్లో నంబర్‌ను మనిషి నొక్కడు. ప్రిడిక్టివ్ డయలర్ ఒకేసారి చాలా నంబర్లకు కాల్ చేసి, ఎత్తినవాళ్లను మాత్రమే ఖాళీగా ఉన్న టెలికాలర్‌కు కలుపుతుంది. మనం ‘హలో’ అన్నాక ఒక క్షణం ఏమీ వినిపించనిది అందుకే. ఆ క్షణంలో డయలర్ ఇంకో పని కూడా చేయొచ్చు: ఎత్తింది మనిషా, మెషీనా అని తేల్చడం. మనిషి పొట్టిగా ‘హలో’ అని ఆగుతాడు. ఆన్సరింగ్ మెషీన్ గుక్క తిప్పుకోకుండా మాట్లాడుతుంది. ఆస్టరిస్క్‌లోనే ఈ లెక్క ఉంది. మామూలు సెట్టింగ్ ప్రకారం పలకరింపు ఒకటిన్నర సెకను దాటితే మెషీన్, పలకరించాక 0.8 సెకను ఆగితే మనిషి. అంటే అవ్వ మొదట్లోనే రామాయణం మొదలుపెడితే డయలర్ ఆమెను మనిషిగా లెక్కపెట్టదు. ఇందులో ఒక తమాషా ఉంది. చాలా కాల్ సెంటర్లు వాడే వీసీడయల్ అనే డయలర్ కూడా ఆస్టరిస్క్ మీద కట్టిందే. కాల్ చేసేవాళ్లదీ, వాళ్ల టైమ్ తినేవాళ్లదీ ఒకే సాఫ్ట్‌వేర్.

అర్థం చేసుకుని మాట్లాడే బాట్లు

కొత్త తరం బాట్లు నిజంగానే వింటాయి. అవతలి మాటను అక్షరాల్లోకి మార్చి, చాట్‌జీపీటీ లాంటి భాషా మోడల్‌కు ఇచ్చి, వచ్చిన జవాబును గొంతులోకి మారుస్తాయి. బ్రిటన్‌లో ఓటూ అనే మొబైల్ కంపెనీ 2024 నవంబర్‌లో డైసీ అనే అవ్వను ఇలాగే తయారుచేసి మోసగాళ్ల మీదికి వదిలింది. ఆస్ట్రేలియాలో మాక్వారీ యూనివర్సిటీ పరిశోధకుల పనిలోంచి అపాటే అనే బాట్ల సంస్థ పుట్టింది. అమెరికాలో జాలీ రోజర్ అనే సర్వీసు ఇదే పనిని డబ్బులు తీసుకుని చేస్తోంది.

లెన్నీ ముసలాయన, డైసీ అవ్వ. ఇది కేవలం కథ కోసం కాదు. వినడం, ఆలోచించడం, పలకడం అనే మూడు మెట్లు దిగేసరికి రెండు సెకన్లు ఆలస్యం కావచ్చు. పాతికేళ్ల కుర్రాడు ప్రతి మాటకూ రెండు సెకన్లు ఆగితే అనుమానం వస్తుంది. డెబ్బై ఏళ్ల అవ్వ ఆగితే రాదు. ఇంజినీరింగ్ లోపాన్ని వయసు కప్పేస్తోంది.

తెలుగులో ఇది ఇంకొంచెం కష్టం. మన టెలికాలర్ ఒకే వాక్యంలో తెలుగు, ఇంగ్లిష్ కలిపి ‘సర్, మీకు ప్రీ అప్రూవ్డ్ లోన్ ఎలిజిబిలిటీ వచ్చింది సర్’ అంటారు, మనం పలకకపోతే హిందీలోకి మారతారు. ఫోన్ లైన్ మీద వచ్చే ఆ సన్నటి గొంతును, ఆ కలగలుపు భాషను తప్పుల్లేకుండా పట్టుకోవడం మెషీన్‌కు పరీక్షే. ఇక జవాబును వరంగల్ యాసలో పలికించడం ఇంకో పరీక్ష. దొరికే తెలుగు కృత్రిమ గొంతులు ఎక్కువగా వార్తలు చదివినట్టే మాట్లాడతాయి. వార్తలు చదివే అవ్వను ఎవరు నమ్ముతారు? ఇంట్లో సరదాకు చేసుకునేవాళ్లకు నా సలహా రికార్డు చేసిన ముక్కలే. దీనికి ఖర్చు కారణం కూడా ఉంది, అది తర్వాత చెబుతాను.

కాల్‌ను బాట్ దాకా చేర్చడం

బాట్‌కు ఒక ఫోన్ నంబర్ కావాలి. ఇంట్లో ఫైబర్ ఇంటర్నెట్‌తో పాటు ల్యాండ్‌లైన్ నంబర్ ఉంటే అదే చాలు. ఇంటర్నెట్ డబ్బా వెనక ఫోన్ వైర్ గుచ్చే పోర్టు ఉంటుంది. దానికి ఒక చిన్న గేట్‌వే పరికరం పెడితే ఆ లైన్ ఆస్టరిస్క్‌లోకి వస్తుంది. అలా వద్దనుకుంటే ఇంటర్నెట్ మీద ఫోన్ సేవలు ఇచ్చే క్లౌడ్ టెలిఫోనీ కంపెనీల దగ్గర వర్చువల్ నంబర్ (సిమ్, వైరు లేని నంబర్) తీసుకోవచ్చు, కాకపోతే నెలనెలా డబ్బు కట్టాలి, కేవైసీ ఇవ్వాలి. బోలెడన్ని సిమ్‌లు గుచ్చి ఇంటర్నెట్ కాల్స్‌ను మొబైల్ నెట్‌వర్క్‌లోకి మళ్లించే సిమ్ బాక్స్ జోలికి మాత్రం పోవద్దు. అది నేరం, పోలీసులు వెతుకుతున్నవే అవి.

కాల్స్ వచ్చేది మన మొబైల్‌కు. అక్కడి నుంచి బాట్‌కు పంపడానికి ఉన్నవి రెండు దారులు, రెండింటికీ తంటా ఉంది. మొదటిది కాన్ఫరెన్స్: టెలికాలర్‌ను ఒక నిమిషం ఆగమని బాట్ నంబర్‌కు కాల్ చేసి, రెండూ కలిపి, మన మైకు మ్యూట్ చేయడం. మనం తప్పుకుంటే కాల్ తెగిపోతుంది కాబట్టి మన ఫోన్ కూడా అంతసేపూ బిజీనే. రెండోది, కట్ చేసిన కాల్ బాట్‌కు పోయేలా ఫార్వర్డ్ పెట్టుకోవడం. బిజీగా ఉన్నప్పుడు ఫార్వర్డ్ చేయమనే సెట్టింగ్ ఉంటుంది, మనం కట్ చేసినా అదే పనిచేస్తుంది. ఫార్వర్డ్ అయిన కాల్‌కు ఎంత పడుతుందో మీ ప్లాన్‌లో ముందే చూసుకోవాలి. ఇంకో చిక్కు: అప్పుడు మీటింగ్‌లో ఉండి మేనమామ ఫోన్ కట్ చేసినా అవ్వే ఎత్తుతుంది. ఆయనకూ చాయ్ పొంగుతుంది.

కాల్ ఫార్వర్డింగ్ మీద ప్రభుత్వానికి అనుమానం కూడా ఉంది. మోసగాళ్లు జనం చేత *401# కోడ్ నొక్కించి, ఓటీపీ కాల్స్ తమకు వచ్చేలా చేసుకునేవాళ్లు. అందుకే టెలికాం శాఖ 2024 ఏప్రిల్ 15 నుంచి ఆ కోడ్‌తో ఫార్వర్డ్ చేసే సౌకర్యాన్ని ఆపేయించింది. బ్యాంకు, యూపీఐ, ఆధార్ ముడిపడిన నంబర్‌కు ఫార్వర్డ్ పెట్టకపోవడమే మంచిది. దరఖాస్తుల్లో, షాపుల్లో, ఎగ్జిబిషన్ లక్కీ డ్రాల్లో రాయడానికి ఒక విడి నంబర్ ఉంచుకుని, దానికే అవ్వను కాపలా పెట్టండి.

ఆ పది నిమిషాలు ఎవరివి

ఇప్పుడు లెక్క చూద్దాం. మన దేశంలో ఇన్‌కమింగ్ ఉచితం. కాల్ అందుకున్న నెట్‌వర్క్‌కు చేసిన నెట్‌వర్క్ ఇవ్వాల్సిన నిమిషానికి 6 పైసల చార్జీని కూడా 2021 జనవరి 1 నుంచి సున్నా చేశారు. కాబట్టి పది నిమిషాలు లైన్ పట్టుకుని ఉంచినా ఫోన్ ఖర్చు రూపంలో కంపెనీకి పడే దెబ్బ చాలా చిన్నది. పడేది జీతం దెబ్బ. టెలికాలర్‌కు నెలకు 15,000 రూపాయల జీతం, 26 రోజులు, రోజుకు 8 గంటలు అనుకుంటే నిమిషానికి రూపాయి ఇరవై పైసలు. పది నిమిషాలకు పన్నెండు రూపాయలు. భాషా మోడల్‌తో నడిచే వాయిస్ బాట్‌కు నిమిషానికి అంతకంటే ఎక్కువే అయ్యే అవకాశం ఉంది. అంటే వాళ్ల పన్నెండు రూపాయలు పోగొట్టడానికి మనం అంతకు మించి ఖర్చు పెడుతున్నాం. రికార్డు ముక్కలే మేలన్నది అందుకే.

ఆ పన్నెండు రూపాయలు కంపెనీ జేబులోంచి పోతే, ఇన్సెంటివ్ మాత్రం ఆ టెలికాలర్ జేబులోంచి పోతుంది. రోజుకు ఇన్ని కాల్స్, ఇన్ని లీడ్స్ (ఆసక్తి చూపినవాళ్లు) అని టార్గెట్ ఉంటుంది. డిగ్రీ అయ్యాక నక్కలగుట్టలోనో, హైదరాబాద్ అమీర్‌పేటలోనో టెలికాలర్‌గా చేరినవాళ్లు మన వాడకట్టులోనే ఉంటారు. నంబర్ ఎక్కడి నుంచి వచ్చిందో వాళ్లకు తెలియదు, ఆపే అధికారం వాళ్లకు లేదు. వాళ్ల మీద బాట్‌ను వదిలితే కంపెనీ యజమానికి దోమ కుట్టినట్టు కూడా ఉండదు.

ఇంకో ఎదురుదెబ్బ ఉంది. ప్రతి కాల్ అయ్యాక టెలికాలర్ ఒక బటన్ నొక్కుతారు: ఆసక్తి లేదు, రాంగ్ నంబర్, మళ్లీ చేయమన్నారు, ఇలా. పది నిమిషాలు విని ‘మనుమడు రాంగనే అడుగుత’ అన్న అవ్వకు పడేది ‘మళ్లీ చేయాలి’ బటనే. ఎత్తే నంబర్, ఓపిగ్గా వినే నంబర్ అన్న గుర్తింపు వస్తే ఆ లిస్టుకు గిరాకీ పెరుగుతుంది. కాల్స్ తగ్గించుకోవడానికి బాట్ పెట్టేవాళ్లు ఇది గట్టిగా గుర్తు పెట్టుకోవాలి.

మోసగాళ్ల లెక్క వేరు. డిజిటల్ అరెస్ట్ పేరుతో, కేవైసీ పేరుతో, కొరియర్లో డ్రగ్స్ దొరికాయని బెదిరించేవాళ్లకు ఒక్కో కాల్ లక్షల వేట. వాళ్లు అవ్వ బాట్‌తో గడిపిన అరగంట ఏ నిజమైన అవ్వకూ దక్కని అరగంట. అక్కడ ఈ ఆయుధానికి అర్థం ఉంది. డైసీ, అపాటే లాంటివి గురిపెట్టింది కూడా అమ్మకాల వాళ్ల మీద కాదు, మోసగాళ్ల మీదే. అయినా వాటిని నడిపేది సంస్థలు, ఆ నంబర్లు ఎవరి సొంతమూ కావు. మనం మన నంబర్‌తో ఆటకు దిగితే మన వివరాలు వాళ్ల దగ్గర అంతకుముందే ఉండొచ్చు. పైగా ఆ చివర ఉన్నది ఎవరో కూడా తేలిక సంగతి కాదు. ఉద్యోగమని నమ్మి వెళ్లి కంబోడియా, మయన్మార్‌లోని మోసాల అడ్డాల్లో చిక్కుకున్నవాళ్లలో తెలంగాణ కుర్రాళ్లూ ఉన్నారు. 2025 మార్చిలో ప్రభుత్వం థాయ్‌లాండ్ మీదుగా కొందరిని వెనక్కి తెచ్చింది. తిట్టడానికి తీరిక దొరికినప్పుడు ఇది కూడా ఆలోచించాల్సిందే.

మూడో రకం కాల్‌కు అవతల మనిషే ఉండడు. రికార్డు చేసిన మాట వినిపించి ‘ఒకటి నొక్కండి’ అంటుంది. దాని ముందు అవ్వను పెట్టడం వృథా. ఇప్పుడు లోన్ల కోసం, బాకీల కోసం మాట్లాడే ఏఐ గొంతులూ వచ్చాయి. అక్కడ రెండు బాట్లు ఒకదానికొకటి హలో చెప్పుకుంటూ కూర్చుంటాయి, ఎవరి కరెంటు బిల్లు వాళ్లది.

బాట్ పెట్టినవాళ్లు కొందరు మరో అడుగు వేసి, వచ్చిన నంబర్లకు తిరిగి కాల్స్ కుమ్మరించే స్క్రిప్టులు రాస్తుంటారు. అది వద్దు. కనిపించే నంబర్ నకిలీది కావచ్చు, ఏ పాపం తెలియని మూడో మనిషిది కావచ్చు. అవతలివాళ్ల గొంతును యూట్యూబ్‌లో పెట్టి నవ్వుకోవడం కూడా అలాంటిదే.

అమ్మకం కాల్స్‌ను నిజంగా తగ్గించే పని బాట్ కంటే బోరింగ్‌గా ఉంటుంది. టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ నిబంధనల ప్రకారం ప్రచార కాల్స్ 140తో మొదలయ్యే నంబర్ల నుంచే రావాలి, బ్యాంకుల సేవా కాల్స్‌కు 1600 సిరీస్ ఇచ్చారు. మామూలు పది అంకెల మొబైల్ నంబర్ నుంచి ప్లాటో, లోనో అమ్ముతున్నారంటే ఆ కాలే నిబంధనలకు విరుద్ధం. 2025 ఫిబ్రవరి 12 నాటి సవరణల తర్వాత అలాంటివాళ్ల మీద ఫిర్యాదుకు డీఎన్‌డీలో (అమ్మకం కాల్స్ వద్దన్నవాళ్ల జాబితాలో) ముందే నమోదై ఉండాల్సిన పని లేదు. కాల్ వచ్చాక ఫిర్యాదు చేసే గడువు మూడు రోజుల నుంచి ఏడు రోజులకు పెరిగింది. పది రోజుల్లో ఐదు ఫిర్యాదులు వస్తే చాలు, చర్య మొదలవ్వాలి. అంతకుముందు ఏడు రోజుల్లో పది కావాల్సి వచ్చేది. 1909కి మెసేజ్ పంపినా, ట్రాయ్ డీఎన్‌డీ యాప్‌లో పెట్టినా సరే. మోసం చేయబోయిన కాల్ అయితే టెలికాం శాఖ పోర్టల్ సంచార్ సాథీలోని చక్షు అనే విభాగంలో చెప్పాలి, డబ్బు పోయి ఉంటే ఆలస్యం లేకుండా సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి.

ఫిర్యాదుకు కావాల్సింది చేసిన నంబర్, తేదీ, ఏం అమ్మారో నాలుగు ముక్కలు. ఆస్టరిస్క్ తన దగ్గరికి వచ్చిన ప్రతి కాల్‌కూ నంబర్, తేదీ, సమయం, ఎంతసేపు మాట్లాడిందీ ఒక ఫైల్లో రాసి ఉంచుతుంది. ఫార్వర్డ్ అయిన కాల్స్‌లో ఒక్కోసారి చేసినవాళ్ల నంబర్‌కు బదులు మీ నంబరే పడుతుంది కాబట్టి, పంపేముందు మొబైల్ కాల్ హిస్టరీతో సరిచూసుకోండి.